పాత ఎలక్ట్రిక్ కారు మాడ్యూల్స్‌తో ఇంటి బ్యాటరీ: ఏవి కొనొచ్చు, ఏవి ముట్టుకోకూడదు

ముందు మీ ప్రశ్నని రెండు ముక్కల్లో చెప్తాను. విశాఖ మధురవాడలో సొంత ఇల్లు. మేడ మీద నెట్ మీటర్‌తో 3 కిలోవాట్ల సోలార్ ఉంది. కింద 24 వోల్టుల ఇన్వర్టర్‌కి ఉన్న రెండు 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే బ్యాటరీ పట్టే కరెంటు లెక్క) ట్యూబులర్ బ్యాటరీలు చివరి దశకి వచ్చాయి. ఆటోనగర్ వైపు ఒక పాత సామాన్ల వ్యాపారి దగ్గర యాక్సిడెంట్ అయిన ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ ఉంది. ప్యాక్ (కారు బ్యాటరీ పెట్టె) మొత్తం తీసుకుంటే చవగ్గా ఇస్తానంటున్నాడు, అందులోని విడి మాడ్యూల్స్ (కొన్ని సెల్స్ కలిపి కట్టిన దిమ్మలు) అయితే కాస్త ఎక్కువ. మల్టీమీటర్ పెట్టి, అన్నిటికీ ఒకే వోల్టేజీ ఉంది కాబట్టి కండిషన్ బ్రహ్మాండంగా ఉందని చూపించాడు. కొనొచ్చా, కొంటే ఇప్పుడున్న ఇన్వర్టర్‌కే తగిలించొచ్చా అని అడిగారు.

కొనొచ్చు. కానీ ప్యాక్ మొత్తం వద్దు, విడి మాడ్యూల్సే తీసుకోండి. అవి కూడా ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం అయితేనే, ఏ బండివో తెలిస్తేనే, మీ కళ్ల ముందు కెపాసిటీ టెస్ట్ చేశాకే డబ్బివ్వండి. ఆయన చూపించిన వోల్టేజీని లెక్కలోకి తీసుకోకండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ బేరాల్లో జనం మోసపోయేది ఎక్కువగా అక్కడే.

ఆ బ్యాటరీ మార్కెట్లోకి ఎలా వచ్చిందో ముందు ఆలోచించండి. మన దేశంలో ఎలక్ట్రిక్ కార్లు కాస్త పెద్ద సంఖ్యలో అమ్ముడవడం మొదలైంది 2020లో నెక్సాన్ ఈవీ వచ్చాకే. ఈ కార్ల బ్యాటరీలకి మామూలుగా 8 ఏళ్లు, లక్షన్నర కిలోమీటర్లకి అటూ ఇటూగా వారంటీ ఉంటుంది. వారంటీలో మార్చిన ప్యాక్‌ని కంపెనీ వెనక్కి తీసుకుంటుంది, బయట వదిలెయ్యదు. కాబట్టి 'కంపెనీ వాళ్లు కొత్తది వేసి పాతది ఇచ్చేశారు' అని ఎవరైనా చెబితే నమ్మకండి. తుక్కు వ్యాపారి దాకా వచ్చే సరుకు చాలావరకు గుద్దుకున్న బండిదో, నీళ్లలో మునిగిన బండిదో అయ్యుంటుంది. లేదంటే ఎలక్ట్రిక్ ఆటోల నుంచి తీసిన 48 వోల్టుల ప్యాక్ అవుతుంది. ఈ మూడూ ఒకటి కాదు.

ఆటో ప్యాక్ బాగా వాడేసినదై ఉండొచ్చు, కానీ అరిగిపోవడం వేరు, దెబ్బతినడం వేరు. అరిగిన సెల్ టెస్టులో తక్కువ ఏహెచ్ చూపించి దొరికిపోతుంది. దెబ్బ తగిలిన సెల్ ఈరోజు టెస్టులు పాసై, వారాల తర్వాత లోపలి పొర చిరిగి వేడెక్కొచ్చు. అందుకే బండి ఏ వైపు గుద్దుకుందో అడగండి. ఛాసిస్ నంబరు అడగండి, వీలైతే బండి ఫొటోలు చూడండి. దెబ్బ ముందు బంపర్ వరకే ఉండి, కింద ప్యాక్ పెట్టెకి సొట్ట, గీత లేకపోతే ముందుకెళ్లొచ్చు. పెట్టె అడుగు కొట్టుకుని ఉంటే ఆ సొట్టకి దగ్గరున్న మాడ్యూల్స్‌ని పక్కన పెట్టమనండి. పెట్టె వంగిపోయి ఉంటే ఆ బేరమే వదిలెయ్యండి.

నీళ్లలో మునిగిన బండిదైతే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని బండ్లు నీళ్లలో ఉన్నాయో అందరం చూశాం. ప్యాక్ పెట్టెలకి నీరు చొరకుండా సీలు ఉంటుంది, నిజమే. కానీ అది గంటలూ రోజులూ బురదలో నానడానికి చేసింది కాదు. లోపలికి నీరు చేరిందంటే, అందులోనూ ఉప్పు నీరైతే, ఎండిపోయాక కూడా టెర్మినల్స్ మధ్య ఉప్పు పొర మిగిలి దాని గుండా కరెంటు పారుతూనే ఉంటుంది. బస్‌బార్ల (సెల్స్‌ని కలిపే లోహపు పట్టీల) మీద పచ్చటి చిలుము, స్క్రూల చుట్టూ తెల్లటి పొడి, పెట్టె మూలల్లో సన్నటి ఒండ్రు గీత కనిపిస్తే వెనక్కి వచ్చెయ్యండి. కూలెంట్ కారి తడిసిన మాడ్యూల్ కూడా ఇదే కోవలోకి వస్తుంది.

ఇక ప్యాక్ మొత్తం ఎందుకు వద్దన్నానంటే, మొదటి కారణం ప్రాణభయం. మొదటి నెక్సాన్ ఈవీ ప్యాక్ 30.2 యూనిట్లు, దాదాపు 320 వోల్టులు. మన ఇంటి కరెంటు 230 వోల్టులైనా అది ఏసీ, పైగా దానికి ఎంసీబీ ఉంటుంది. ఇది డీసీ, లోపలి సెల్స్‌ని ఆపే స్విచ్ లేదు. బండి నుంచి దించేశాక కూడా ప్యాక్ లోపల వోల్టేజీ ఎక్కడికీ పోదు. డీసీలో ఆర్క్ (గాల్లో దూకే నిప్పు) పుడితే దానంతట అది ఆరదు, లాగిన కొద్దీ సాగుతుంది. 60 వోల్టులు దాటిన డీసీని వాహనాల ప్రమాణాల్లో ప్రమాదకరమైనదిగానే లెక్కేస్తారు. ప్యాక్ మూత విప్పి మాడ్యూల్స్ విడదీసే పని సర్వీస్ డిస్కనెక్ట్ (ప్యాక్‌లో సర్క్యూట్‌ని మధ్యలో తెంపే ప్లగ్) ఎక్కడుందో తెలిసి, వెయ్యి వోల్టుల రేటింగ్ గ్లవ్స్ వేసుకుని, పక్కన మరో మనిషిని పెట్టుకుని చేసే శిక్షణ ఉన్నవాళ్లది. ఇంటి వరండాలో చేసేది కాదు. రెండో కారణం, ఆ 320 వోల్టుల ప్యాక్‌లో సుమారు వంద సెల్స్ వరుసగా ఉంటాయి. మీకు కావాల్సింది ఎనిమిది, మహా అయితే పదహారు. మిగిలినవి ఇంట్లో మూల పడి ఉంటాయి. పనికిరాని లిథియం బ్యాటరీలు ఇంట్లో కుప్ప వేసుకోవడం కంటే పెద్ద రిస్క్ లేదు.

రకం సంగతి. ఎలక్ట్రిక్ బండ్లలో ప్రధానంగా రెండు రకాల సెల్స్ కనిపిస్తాయి, ఎల్‌ఎఫ్‌పీ, ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ ఉన్న రకం). నెక్సాన్, టియాగో లాంటివాటిలో ఎల్‌ఎఫ్‌పీ. మొదట్లో వచ్చిన కోనా, ఎంజీ జెడ్‌ఎస్ లాంటివాటిలో, చాలా స్కూటర్లలో ఎన్‌ఎంసీ. ఇంటర్నెట్‌లో విదేశీ వీడియోల్లో కనిపించే టెస్లా, లీఫ్ మాడ్యూల్స్ మీకు ఇక్కడ మామూలుగా దొరకవు, వాటి లెక్కలు వీటికి పనికిరావు. ఎల్‌ఎఫ్‌పీ సెల్ మామూలు వోల్టేజీ 3.2, నిండితే 3.65. ఎన్‌ఎంసీ 3.6 నుంచి 3.7, నిండితే 4.2. స్టిక్కర్ చిరిగిపోయి ఉంటే ఇలా తేల్చుకోవచ్చు: ఊరికే ఉన్న సెల్ 3.65 దాటి చూపిస్తే అది ఎల్‌ఎఫ్‌పీ కానే కాదు. 3.25 నుంచి 3.35 మధ్య ఉంటే బహుశా ఎల్‌ఎఫ్‌పీ. బహుశా అని ఎందుకన్నానంటే, దాదాపు ఖాళీ అయిన ఎన్‌ఎంసీ కూడా అక్కడే చూపించొచ్చు. కాసేపు చార్జ్ ఇచ్చి చూడండి. ఎన్‌ఎంసీ గబగబా 3.5 దాటిపోతుంది, ఎల్‌ఎఫ్‌పీ ఉన్నచోటే ఉంటుంది.

ఒక మాట ఒప్పుకోవాలి. మీ 24 వోల్టుల ఇన్వర్టర్‌కి వోల్టేజీ పరంగా ఏడు ఎన్‌ఎంసీ సెల్స్ చక్కగా కుదురుతాయి. ఇన్వర్టర్ 28.8 దగ్గర చార్జింగ్ ఆపితే ఒక్కో సెల్‌కి 4.11, కింద 21 దగ్గర కట్ చేస్తే 3.0. రెండూ హద్దుల్లోనే ఉన్నాయి. అయినా ఇంటికి ఎన్‌ఎంసీ వద్దనే చెప్తాను. అది ఎల్‌ఎఫ్‌పీ కంటే తక్కువ వేడికే అదుపు తప్పుతుంది, తప్పినప్పుడు ఇంకా ఉధృతంగా మండుతుంది. బండిలో దానికి కూలింగ్ ఉంటుంది, కంపెనీ బీఎంఎస్ (ఒక్కో సెల్‌ని కనిపెట్టుకుని, హద్దు దాటితే ఆపే సర్క్యూట్) ఉంటుంది, చుట్టూ గట్టి పెట్టె ఉంటుంది. మీ ఇంట్లో అవేవీ ఉండవు. ఎల్‌ఎఫ్‌పీ కూడా మండదని కాదు, దాన్నుంచి వచ్చే పొగ కూడా విషమే, మండేదే. కానీ తప్పు జరిగితే దిద్దుకోవడానికి అది ఎక్కువ అవకాశం ఇస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, టెస్టింగ్. సిలిండర్‌లో ఎంత గ్యాస్ మిగిలిందో పొయ్యి మంట చూసి చెప్పలేం, అయిపోయే దాకా మంట ఒకేలా ఉంటుంది. ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజీ కూడా అంతే. ముప్పావు వంతు నిండినా, పావు వంతే ఉన్నా మీటర్ 3.3కి కొంచెం అటూ ఇటూగానే చూపిస్తుంది. పైగా అది ఎంత నిండి ఉందో కొద్దో గొప్పో చెప్పగలదేమో కానీ, ఎంత పడుతుందో చెప్పనే చెప్పదు. వంద ఏహెచ్ పట్టే సెల్, అరిగి అరవై మాత్రమే పట్టే సెల్ పక్కపక్కన పెడితే మీటర్‌కి రెండూ ఒకటే. వ్యాపారి అబద్ధం ఆడుతున్నాడని కాదు, ఆ మీటర్‌తో తెలిసేది అంతే.

మొదట కంటితో చూసి తీసెయ్యాల్సినవి తీసెయ్యండి. పొట్ట ఉబ్బినవి, మూత దగ్గర తడి మెరుపు ఉన్నవి, నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి తియ్యటి ఘాటు వాసన వచ్చేవి, సేఫ్టీ వెంట్ దగ్గర పొంగినవి. 2 వోల్టులకన్నా కిందికి పడిపోయిన సెల్‌ని 'లేపుతాను' అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అంత కిందికి పోయినప్పుడు లోపలి రాగి కరిగి, మళ్లీ చార్జ్ చేసేటప్పుడు ఎక్కడ పడితే అక్కడ పేరుకుంటుంది. అది లోపలే షార్ట్ అవడానికి దారి.

తర్వాత ఇంటర్నల్ రెసిస్టెన్స్, అంటే సెల్ లోపల కరెంటుకి ఎదురయ్యే అడ్డు. ఈ పెద్ద సెల్స్‌లో అది ఒక మిల్లీ ఓమ్‌కి కూడా లోపే ఉంటుంది, మామూలు మల్టీమీటర్‌కి అందదు. నాలుగు వైర్ల మీటర్ కావాలి. ఆన్‌లైన్లో చిన్నవి దొరుకుతాయి, ఈ పని చెయ్యదలుచుకున్నవాళ్లు కొనుక్కోవాల్సిన పరికరం అది. అంకె ఎంత అన్నదానికంటే తోటి సెల్స్‌తో పోలిస్తే ఎంత తేడా అన్నది ముఖ్యం. ఎనిమిదిలో ఏడు దాదాపు ఒకటే ఉండి ఒకటి దానికి ఒకటిన్నర రెట్లు చూపిస్తే, ఆ ఒక్కటే రేపు మీ బ్యాటరీ మొత్తాన్ని ఆపుతుంది.

కెపాసిటీ టెస్ట్‌కి ఖరీదైన మెషీన్ అక్కర్లేదు. ఎనిమిది ఎల్‌ఎఫ్‌పీ సెల్స్ వరుసంటే 25.6 వోల్టులు, అంటే లారీ వోల్టేజీ. ఆటోనగర్‌లో ఏ లారీ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా 24 వోల్టుల హెడ్‌లైట్ బల్బులు ఇస్తారు. 70 వాట్ల బల్బు ఒక్కోటి 3 ఆంపియర్లకి దగ్గరగా లాగుతుంది. ఆరు బల్బులు పక్కపక్కన కలిపితే దాదాపు 18 ఆంపియర్లు. వాటిని చెక్క మీద కాకుండా రేకు మీదో సిమెంటు గచ్చు మీదో బిగించండి, చాలా వేడెక్కుతాయి. మధ్యలో ఆంపియర్ అవర్లు లెక్కపెట్టే డీసీ మీటర్ ఒకటి పెట్టండి. ముందు సెల్స్ అన్నిటినీ 3.6 దాకా నింపి, ఒక గంట వదిలి, బల్బులు వెలిగించండి. ఉదాహరణకి 94 ఏహెచ్ సెల్ (పైన చెప్పిన నెక్సాన్ ప్యాక్ లెక్కన వచ్చేది) బాగుంటే ఐదు గంటల దాకా వెలుగుతాయి.

ఈ ఐదు గంటల్లో మొదటి నాలుగు గంటలు ఏమీ జరగదు. అసలు సంగతి చివర్లో బయటపడుతుంది. ఏడు సెల్స్ 3.15 దగ్గర స్థిమితంగా ఉంటాయి, ఒకటి మాత్రం 3.05, 2.95, 2.8 అని నిమిషాల్లో జారడం మొదలుపెడుతుంది. అది చూడగానే బల్బులు ఆపెయ్యాలి, టీ తాగి వద్దామని లేవకూడదు. వరుసలో మిగతా ఏడింటి బలంతో ఆ ఒక్కటి సున్నా దాటి రివర్స్‌లోకి కూడా పోగలదు. ఆపిన క్షణంలో మీటర్ మీద ఉన్న ఏహెచ్ ఏదైతే ఉందో అదే ఆ మాడ్యూల్ అసలు కెపాసిటీ. ఏ సెల్ ముందు పడిందో మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. ఈ పనంతా బీఎంఎస్ తగిలించి చేస్తే ఇంకా మంచిది. ఒక్కో సెల్ వోల్టేజీ ఫోన్‌లో కనిపిస్తుంది, హద్దు దాటితే అదే ఆపుతుంది.

చివరిది, ఓపిక కావాల్సిన టెస్ట్. డిశ్చార్జ్ అయిన తర్వాత ఒక రోజు వదిలి, ప్రతి సెల్ వోల్టేజీ మూడు దశాంశాలతో పుస్తకంలో రాసుకోండి. రెండు మూడు వారాలు ఏమీ తగిలించకుండా పక్కన పెట్టి మళ్లీ చూడండి. ఖాళీకి దగ్గరగా ఉన్నప్పుడు వోల్టేజీ చిన్న మార్పుని కూడా పట్టిస్తుంది కాబట్టి ఈ టెస్ట్ అక్కడే చెయ్యాలి, నిండుగా ఉన్నప్పుడో సగంలో ఉన్నప్పుడో చేస్తే ఏమీ తెలియదు. అన్నీ ఉన్నచోటే ఉండి ఒకటి పడిపోతే, లోపల ఎక్కడో సన్నగా లీకవుతోందన్నమాట. యాక్సిడెంట్ బండి సెల్స్‌కి ఈ పరీక్ష తప్పనిసరి. వ్యాపారి అన్నాళ్లు ఆగడు అంటారా, సగం డబ్బు ఇప్పుడు, సగం మూడు వారాల తర్వాత అని మాట్లాడండి. సరుకు మీద నమ్మకం ఉన్నవాడు ఒప్పుకుంటాడు.

ఇప్పుడు మీ ఇన్వర్టర్. మీ పాత రెండు ట్యూబులర్లు కలిపి కాగితం మీద 3.6 యూనిట్లు, పాడు కాకుండా వాడుకునేది అందులో సగమే. 94 ఏహెచ్ ఎల్‌ఎఫ్‌పీ సెల్స్ ఎనిమిది అంటే 2.4 యూనిట్లు, అరుగుదల తీసేస్తే రెండు అనుకోండి. ఇందులో చాలా భాగం వాడుకోవచ్చు. మామూలు ఫ్యాన్లు మూడు రాత్రి ఎనిమిది గంటలు తిరిగితే 1.8 యూనిట్లు అవుతుంది. తక్కువ కరెంటు లాగే బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే ముప్పావు యూనిట్ కూడా కాదు. అంటే ఎనిమిది సెల్స్‌తో ఒక రాత్రి గడుస్తుంది, పదహారైతే ఫ్రిజ్ కూడా నడుస్తుంది. ఏసీ ఆశ పెట్టుకోవద్దు. ఇంతకంటే పెద్ద బ్యాటరీ కావాలనుకుంటే ముందు ఫ్యాన్లు మార్చండి, అది చవకైన పని.

మాడ్యూల్‌లో ఎన్ని సెల్స్ వరుసలో ఉన్నాయో చూసుకోండి, ఎందుకంటే లెక్క ఎనిమిదికి కుదరాలి. నాలుగేసి వరుస ఉన్నవి రెండు అయితే సరిపోతుంది. ఐదు, ఆరు, పన్నెండు వరుసలవి మీ ఇన్వర్టర్‌కి కుదరవు. లేజర్ వెల్డింగ్ చేసిన బస్‌బార్లు కోసి సెల్స్ విడదీసే పని పెట్టుకోకండి. కోత రాపిడి, లోహపు పొడి రెండూ ప్రమాదమే. లెక్క కుదరని మాడ్యూల్ ఎంత మంచిదైనా వదిలెయ్యండి.

ఎనిమిది ఎల్‌ఎఫ్‌పీ సెల్స్‌కి 28.8 వోల్టులంటే ఒక్కోదానికి 3.6, అది ఫర్వాలేదు. ఇన్వర్టర్‌లో సెట్టింగ్ మార్చగలిగితే 28 పెట్టండి, సెల్స్ ఎక్కువ కాలం వస్తాయి. ఇబ్బంది ఎక్కడంటే, ట్యూబులర్ కోసం చేసిన కొన్ని ఇన్వర్టర్లు అప్పుడప్పుడూ ఈక్వలైజేషన్ (సెల్స్‌ని సమం చేసే అదనపు చార్జింగ్) అని 30 వోల్టులు దాటిస్తాయి. ఎనిమిది సెల్స్‌కి అది 3.75, కుదరదు. కింద కట్ కూడా 21 వోల్టులు, అంటే సెల్‌కి 2.6, మరీ తక్కువ. కాబట్టి లిథియం సెట్టింగ్ లేని పాత ఇన్వర్టర్ అయితే ఇన్వర్టర్‌నే మార్చాలి. బీఎంఎస్ ఉంది కదా, అది కట్ చేస్తుందిలే అనుకోకండి. రోజూ కట్ చెయ్యడం దాని పని కాదు, ఇన్వర్టర్ తప్పు చేసిన రోజున ఆపడం దాని పని. కారులో వచ్చిన బీఎంఎస్ మీకు పనికిరాదు, అది బండి కంప్యూటర్‌తో తప్ప మాట్లాడదు. జేకే లాంటి, బ్లూటూత్‌తో సెల్ వోల్టేజీలు చూపించే, యాక్టివ్ బ్యాలెన్సర్ (ఎక్కువ నిండిన సెల్ నుంచి తక్కువదానికి చార్జ్ మళ్లించేది) ఉన్న ఎనిమిది సెల్స్ బీఎంఎస్ తీసుకోండి. పై హద్దు 3.65, కింది హద్దు 2.8, వేడి 50 డిగ్రీలు దాటితే చార్జింగ్ ఆగేలా పెట్టండి. టెంపరేచర్ సెన్సర్‌ని గాల్లో వేలాడదీయకుండా మధ్య సెల్‌కి ఆనించి అతికించండి. పదహారు సెల్స్ పెట్టి రెండు వరుసలు చేస్తే ఒక్కో వరుసకి విడి బీఎంఎస్, విడి ఫ్యూజ్. రెండూ నిండుగా, ఒకే వోల్టేజీలో ఉన్నప్పుడే కలపండి.

ఫ్యూజ్ దగ్గర పీనాసితనం వద్దు. ఈ సెల్స్ షార్ట్ అయితే వేల ఆంపియర్లు వదులుతాయి. మీ ఇన్వర్టర్ ఫుల్ లోడ్ మీద 60 ఆంపియర్ల దాకా లాగుతుంది, కాబట్టి 100 ఆంపియర్ల డీసీ రేటింగ్ ఉన్న హెచ్‌ఆర్‌సీ ఫ్యూజ్‌గానీ క్లాస్ టీ ఫ్యూజ్‌గానీ (రెండూ భారీ షార్ట్‌ని తెంపగలవి) ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరంలో పెట్టండి. ఇంటి బోర్డులో వాడే ఏసీ ఎంసీబీ ఇక్కడ పెట్టకూడదు, డీసీ ఆర్క్‌ని అది ఆపలేదు. కేబుల్ 25 చదరపు మిల్లీమీటర్ల రాగి, లగ్గులు హైడ్రాలిక్ క్రింపర్‌తో కొట్టించండి, సుత్తితో కాదు. పని మొదలుపెట్టే ముందు చేతి ఉంగరం, వాచీ, మెడలో గొలుసు తీసి లోపల పెట్టండి. స్పానర్ పిడికి టేపు చుట్టండి. ముట్టుకోని టెర్మినల్స్ మీద రబ్బరు షీటు కప్పి ఉంచండి.

మన ఊరికి ప్రత్యేకమైన బెడద ఒకటుంది, ఉప్పు గాలి. లాసన్స్ బే, పెదవాల్తేరు, భీమిలి వైపు ఉన్నవాళ్లకి గేటు ఊచలు ఎలా తింటుందో తెలుసు. ఈ సెల్స్ టెర్మినల్స్‌లో అల్యూమినియం ఉంటుంది, మీరు వేసే బస్‌బార్ రాగి. రెండు లోహాలు కలిసిన చోట తేమ, ఉప్పు చేరితే అల్యూమినియం పొరలు పొరలుగా చెడుతుంది. ఒట్టి రాగి కాకుండా నికెల్ పూతో తగరం పూతో ఉన్న బస్‌బార్లు వాడండి. బిగించే ముందు టెర్మినల్‌ని స్కాచ్ బ్రైట్‌తో రుద్ది, కాంటాక్ట్ గ్రీజు పల్చగా రాయండి. తర్వాత మల్టీమీటర్‌ని మిల్లీవోల్టుల్లో పెట్టి, ఫుల్ లోడ్ నడుస్తున్నప్పుడు ఒక్కో జాయింట్‌కి అటూ ఇటూ పెట్టి చూడండి. 60 ఆంపియర్ల దగ్గర 60 మిల్లీవోల్టులు పడుతోందంటే ఆ ఒక్క జాయింట్‌లో మూడున్నర వాట్ల వేడి పుడుతోంది. అది నెమ్మదిగా పెరుగుతూ పోతుంది. బాగా బిగిసిన జాయింట్ దీనికి ఎంతో తక్కువ చూపిస్తుంది. వానాకాలం వెళ్లాక ఏటా ఒకసారి ఇలా చూసుకోండి.

ఎక్కడ పెట్టాలి? పడకగదిలో, హాల్లో, మెట్ల కింద పెట్టకూడదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంట్లో చార్జింగ్‌లో ఉన్న స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. అవి చిన్న బ్యాటరీలు. మెట్ల కింద చోటు ఖాళీగా ఉంది కదా అని చాలామంది ఇన్వర్టర్ అక్కడే పెడతారు, కానీ పొగ వస్తే బయటికి పరిగెత్తాల్సిన దారి అదే. మీది విడి ఇల్లు కాబట్టి బయటి గోడకి ఆనుకుని, ఎండ పడని చోట, నేల నుంచి రెండడుగుల ఎత్తులో, వెనక సిమెంటు బోర్డు పెట్టి గాలి ఆడే ఇనప పెట్టెలో ఉంచండి. పైన స్మోక్ అలారం ఒకటి. మేడ మీద రేకుల గది వద్దు, మే నెలలో అది పొయ్యిలా ఉంటుంది, ఎల్‌ఎఫ్‌పీ ఆయుష్షు వేడికే తరిగిపోతుంది. ఒకవేళ పొగ మొదలైతే ఆర్పే ప్రయత్నం కన్నా అందరూ బయటికి వెళ్లి 101కి ఫోన్ చెయ్యడం ముఖ్యం. పౌడర్ సిలిండర్ మంటని అణచొచ్చేమో కానీ సెల్‌ని చల్లబరచలేదు, మళ్లీ అంటుకుంటుంది. దాన్ని చల్లార్చేది నీళ్లే, అదీ ఎక్కువ మొత్తంలో, దూరం నుంచి. ఫ్లాట్‌లో ఉండి ఇది చదువుతున్నవాళ్లకి నా సలహా, వాడిన కారు మాడ్యూల్స్ జోలికి పోకండి. పక్కింటివాళ్ల ప్రాణాలు కూడా అదే గోడకి అవతల ఉన్నాయి.

సోలార్ గురించి ఒక్క మాట. కరెంటు పోయినప్పుడు మీ మేడ మీది గ్రిడ్ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. అది లోపం కాదు, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కాపాడే ఏర్పాటు. బ్యాటరీ పెట్టి సోలార్‌ని కూడా వాడుకోవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి, నెట్ మీటర్ ఉంది కాబట్టి కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్ వాళ్లకి చెప్పి చెయ్యాలి. ప్లగ్గులో దొంగ వైరు పెట్టి బోర్డుకి వెనక నుంచి కరెంటు ఎక్కించే పద్ధతి కొంతమంది చూపిస్తారు. హుద్‌హుద్ తుఫాను తర్వాత రోజుల తరబడి ఆ చీకట్లో స్తంభాలెక్కి మన ఇళ్లకి కరెంటు తెచ్చినవాళ్లని తలుచుకునైనా అది చెయ్యకండి.

డబ్బు లెక్క. ధరని మాడ్యూల్‌కి ఇంత అని కాకుండా, టెస్టులో తేలిన యూనిట్‌కి ఎంత అని చూడండి. దానికి బీఎంఎస్, ఫ్యూజ్, బస్‌బార్లు, పెట్టె ఖర్చు కలపండి. అదే సైజు కొత్త 25.6 వోల్టుల ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీ వారంటీతో ఎంతకి వస్తుందో అడగండి. అన్నీ కలిపి అందులో సగం దాటితే నేనైతే కొత్తదే తీసుకుంటాను. బిల్లు లేకుండా కొనకండి. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల కింద ఎలక్ట్రిక్ బండి బ్యాటరీలు కూడా ఉన్నాయి. పాతవాటిని మళ్లీ వాడకానికి సిద్ధం చేసి అమ్మేవాళ్లు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. ఆయన దగ్గర ఆ రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. టెస్టులో పోయిన సెల్స్‌ని చెత్తబండిలో వెయ్యకూడదు, పాత ఇనప కొట్టుకీ ఇవ్వకూడదు. రిజిస్టర్డ్ రీసైక్లర్‌కే ఇవ్వాలి. అందుకే పాసైనవే తీసుకుంటాను, ఫెయిలైనవి మీ దగ్గరే ఉంటాయి అని ముందే మాట్లాడుకోండి.

మొదటిసారి చేస్తున్నారు కాబట్టి ఇంటి మొత్తానికి పోకుండా ముందు నాలుగు సెల్స్ మాడ్యూల్ ఒకటి తీసుకుని, 12 వోల్టుల మీద వైఫై, సీసీ కెమెరా, గేటు లైటు నడిపి చూడండి. ఒక వేసవి, ఒక వానాకాలం గడిచేసరికి సెల్స్ మధ్య తేడా ఎలా పెరుగుతుందో, జాయింట్లు ఎలా మారతాయో మీకే తెలుస్తుంది. మిగతావి కొనాలా వద్దా అన్నది అప్పుడు తేల్చుకోవచ్చు.

ఈ లోపు ఆ మాడ్యూల్ స్టిక్కర్ ఫొటో, ప్యాక్ పెట్టె అడుగు భాగం ఫొటో, ఒక్కో సెల్ వోల్టేజీ మూడు దశాంశాలతో రాసి పెట్టండి. మీ ఇన్వర్టర్ మోడల్ కూడా రాయండి, అందులో చార్జింగ్ వోల్టేజీ మార్చే వీలుందో లేదో చూసి చెప్తాను.